పైడిరాజు ఊపిరి

పైడిరాజుకి కబడ్డీలో ఊపిరి నిలవడం లేదు.

కూతకి వెళ్లినవాడు "కబడ్డీ కబడ్డీ" అంటూ అర నిమిషం అవతలివాళ్ల మధ్య తిరిగి రావాలి. పైడిరాజుకి మొదటి కూత బ్రహ్మాండంగా ఉంటుంది. రెండోది ఫరవాలేదు. మూడోసారి గీత దాటి పదిహేను సెకన్లయ్యేసరికి కూత తెగిపోతుంది. రిఫరీ ఈల వేస్తాడు. ఇతను బయటికొచ్చి కూర్చుంటాడు.

యూనివర్సిటీలో అతనిది మూడేళ్ల లా కోర్సు, ఇదే ఆఖరి ఏడు. రెండేళ్లూ అదనపు ఆటగాడిగా బెంచీ మీదే గడిచిపోయాయి. రేపు సాయంత్రం జట్టు ఎంపిక. పేరు రాకపోతే యూనివర్సిటీ జెర్సీ ఇక ఈ జన్మకి లేదు. ఆ దిగులు చాలనట్టు, పేరు వచ్చేసిందని ఇంటికి ముందే ఫోన్ చేసి చెప్పేశాడు. హాస్టల్ మెస్సులో అయితే పోయిన వారమే చెప్పాడు.

ప్రయత్నం చెయ్యలేదని మాత్రం అనకూడదు. క్రీడా విభాగంవాళ్లు నడిపే క్లాసులన్నిట్లోనూ చేరాడు. ప్రాణాయామం చేస్తూ పక్కవాడికి తన ఆట గురించి చెబుతున్నాడని యోగా మేడమ్ బయటికి పంపేసింది. స్విమ్మింగ్ పూల్‌లో కబుర్లు చెబుతూ ఈదబోయి రెండు గుక్కలు నీళ్లు తాగాడు. ఊపిరికి మంచిదని ఎవరో అంటే ఫ్లూటు కూడా పట్టాడు. వారం తిరక్కుండా ఆ మాస్టారు, "బాబూ, ఊదాలంటే నోరు ఖాళీగా ఉండాలి కదా," అని ఫ్లూటు వెనక్కి తీసుకున్నాడు.

చివరికి తవిటయ్య మాస్టారి దగ్గరికి వచ్చాడు.

తవిటయ్య ఆ యూనివర్సిటీ కబడ్డీ కోచ్. ముప్పయ్యేళ్లుగా అదే మైదానం, అదే నీలం టోపీ, మెడలో అదే స్టాప్‌వాచ్. మాటలు పొదుపుగా వాడే మనిషి. పైడిరాజు వెళ్లేసరికి ఆయన వంగి సున్నంతో గీత వేస్తున్నాడు.

"మాస్టారూ, నాకు ఊపిరి చాలట్లేదండి."

తవిటయ్య నడుం నిటారు చేశాడు. మెడలోని వాచీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఏటైందో సెప్పు."

పైడిరాజు అందుకున్నాడు.

"ఏం చెప్పమంటారండి మొన్న ఇంజనీరింగ్‌వాళ్ల మీద మొదటి కూతకే ఇద్దర్ని ముట్టుకొచ్చానా వాళ్ల కెప్టెన్ మొహం మాడిపోయిందండి రెండో కూతకి ఆ పొడుగాడు నా చీలమండ పట్టుకున్నాడా నేను ఇలా తిరిగి అలా గెంతి గీత తాకేసరికి చప్పట్లే చప్పట్లు అదంతా మనవాళ్లకి చెబుతున్నానా ఇంతలో మళ్లీ నా వంతు వచ్చేసిందండి చెప్పడం పూర్తికాకుండానే వెళ్లానా అక్కడ చూస్తే ఊపిరి లేదండి మాస్టారూ!"

టక్కుమని వాచీ ఆగింది.

"నలభై రెండు సెకన్లు," అన్నాడు తవిటయ్య.

"ఏంటండీ?"

"మద్దిన గాలి పీల్చుకోనేదు."

పైడిరాజు వాచీ వైపు చూశాడు. ఏదో అనబోయాడు.

"ఊపిరికేటిరా లోటు నీకు," అన్నాడు మాస్టారు సున్నం డబ్బా అందుకుంటూ. "అంతా కోతలకే పోతంది. కూతకి మిగల్నేదు."

మళ్లీ వంగి, గీత ఆపిన చోటునుంచి అందుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ఎంపిక. పైడిరాజు మొదటి కూతకి వెళ్లి ఇద్దర్ని ముట్టుకొచ్చాడు. జట్టువాళ్లు భుజాలు చరిచి, "ఎలా కొట్టావురా!" అన్నారు. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. గీత పక్కన తవిటయ్య బొటనవేలు వాచీ మీటమీద ఉంది.

నోరు మూసుకున్నాడు.

రెండో కూతలో ఒకడు దొరికాడు. వాడు పట్టబోయి తన నిక్కరే తాను పట్టుకున్నాడు. అలాంటిది చూసి చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఎవరికి తెలుసు! పైడిరాజు చెవులు ఎర్రబడ్డాయి గానీ పెదవులు విడలేదు.

మూడో కూత. పదిహేను సెకన్లు దాటాయి. ఇరవై దాటాయి. ముగ్గురు మీదపడి నడుం, కాళ్లు పట్టేశారు. ఆ ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి వేలి కొసతో గీత ముట్టుకున్నాడు. రిఫరీ ఈల వేశాక కూడా, సున్నంలో బోర్లా పడి, "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉన్నాడు.

చీకటి పడేలోపే నోటీసు బోర్డులో పేర్లు పెట్టారు. రెండో పేరు అతనిదే. చదివి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చదివాడు.

ఆ పూట మెస్సులో అందరూ అతని చుట్టూ చేరారు. రెండేళ్లుగా అతను కనిపిస్తే కంచం పట్టుకుని వేరే బల్లకి పారిపోయినవాళ్లే.

"ఆ మూడో కూత ఎలా లాక్కొచ్చావో చెప్పరా!"

పైడిరాజు నిండుగా గాలి పీల్చుకున్నాడు. అందరూ ముందుకి వంగారు.

"ఎల్లుండి మ్యాచ్ ఉందిరా," అన్నాడు.

అన్నంలో చారు కలుపుకున్నాడు.