సున్నుండ, గోడ, మట్టిబెడ్డ

ఉమాపతి ముఖం వేలాడేసుకుని యానాంలో తనకి ఫ్రెంచి నేర్పిన లూర్దమ్మగారింటికి వచ్చాడు. బడిపిల్లల కోసం ఇంగ్లీషు-ఫ్రెంచి నిఘంటువు వేస్తున్న అచ్చువాళ్లు అతను రాసిన ఒక్క మాటని రెండోసారి తిప్పి పంపారు. ఈసారీ తప్పితే పని ఇంకొకరికి పోతుంది.

"క్రంబ్లీ అనే మాటండి అమ్మగారూ. పొడిపొడిగా రాలేది అని అర్థం. ఫ్రెంచిలో ఫ్రియాబ్ల్ అని రాశాను. పెద్ద నిఘంటువులో అదే ఉంది. ఇంకేం కావాలిట వాళ్లకి?"

"నిఘంటువు చూశావు సరే. రాలేది ఏదన్నా చూశావా?"

"ఏముందండీ చూడ్డానికి? రాలిందంటే పాడైనట్టే. నా చదువులాగ."

"అబ్బో! చదువు రాలడానికి ముందు చెట్టుకి కాయాలి నాయనా," అంటూ లూర్దమ్మగారు లోపల్నించి సున్నుండ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "తిను."

కొరకగానే సగం చొక్కా మీద రాలింది.

"ఎలా ఉంది?"

"అబ్బ! నోట్లో వేస్తే కరిగిపోతోందండి."

ఆవిడ లేచి వసారా గోడని వేలితో గీరింది. సున్నం పెచ్చులు జలజలా రాలాయి.

"అయ్యో, ముట్టుకోకండి! గోడ కూలేలా ఉంది."

ఆవిడ వినిపించుకోలేదు. గులాబీ కుండీలోంచి ఓ మట్టిబెడ్డ తీసి అతని అరచేతిలో వేసింది. "నలిపి చూడు."

వేళ్లు ఇలా ఆనాయో లేదో, బెడ్డ అలా విడిపోయింది. తడీ, వాసనా చెయ్యంతా నిండాయి.

"మంచి మట్టండి. గింజ వేస్తే లేస్తుంది."

లూర్దమ్మగారు కుర్చీలో కూచుని కళ్లజోడు సర్దుకుంది.

"మూడూ రాలాయి. అయ్యో అని ఒక్కదానికే అన్నావేం?"

ఉమాపతి చొక్కా మీది సున్నుండ పొడినీ, గోడనీ, చేతిలో మట్టినీ మార్చి మార్చి చూశాడు. వారం రోజులుగా గుండె మీద కూచున్న బండ మెల్లిగా దిగింది. కాగితం లాక్కుని ఒక్క మాట ఉన్నచోట మూడు రాశాడు. నోట్లో కరిగే బిస్కట్టుకి సాబ్లే. దున్నిన నేలకి మెబ్ల్. పాతగోడకి మాత్రం ఆ ఫ్రియాబ్ల్‌నే ఉంచాడు.

చూపించబోతే ఆవిడ తల తిప్పేసుకుంది.

"నాకెందుకు? వెళ్లి చేతులు కడుక్కో."

అతను వెంటనే లేవలేదు. అరచేతిలో మిగిలిన మట్టిని వేళ్లతో చిదుముకుంటూ, తనలో తను నవ్వుకుంటూ, అక్కడే కూచున్నాడు.