పెట్టెలో నలుగురు అక్కచెల్లెళ్ళు, ఒక మేస్త్రీ

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరి చివర, ఏరంతా కనపడే చోట ఒక ఇనప స్తంభం. ఆ స్తంభానికి ఒక పెట్టె. దుప్పటి సరిగ్గా కప్పుకో, కాళ్ళు నా మీద వెయ్యకు.

ఇది నవ్వుకునే కథ కాదు తల్లీ. రోజూ నవ్వొచ్చే కథే కావాలంటావు, ఇవాళ మాత్రం ఇదే. భయమేస్తే నా చెయ్యి పట్టుకో, మధ్యలో ఆపమని మాత్రం అడక్కు.

ఆ ఏట్లో వానాకాలమంతా నీళ్ళే. వానాకాలం పోయాక నీళ్ళు ఒక పక్కకి ఒదిగిపోయి, నడి ఏట్లో ఇసుక తేలేది. అప్పుడు కొందరు ఆ ఇసుకలో గుంటలు తవ్వి, ఎరువు పోసి, పుచ్చ పాదులు పెట్టుకునేవాళ్ళు. వాళ్ళల్లో గవరమ్మ, సూరన్న అని మొగుడూ పెళ్ళాలు. వాళ్ళకి గట్టు మీద సెంటు భూమి లేదు. ఏడాదంతా తినే తిండి ఆ ఇసుకలోంచే రావాలి. కాయ ముదిరే దాకా అక్కడే ఒక తాటాకు పాక వేసుకుని కాపలా ఉండేవాళ్ళు, లేకపోతే నక్కలు కాయల్ని కొరికి పారేస్తాయి.

ఇసుకలో ఉండటం ఏమంత సుఖం కాదు. ఎగువన ఒక ఆనకట్ట ఉంది. దాని గేట్లు ఎత్తారంటే నీళ్ళు ముందు ఇసుక మీదకి రావు, ఇసుకకీ ఒడ్డుకీ మధ్య ఉన్న పల్లంలోకి వస్తాయి. పల్లం నిండిందా, ఇక ఇసుక మీద ఉన్నవాళ్ళకి దారి ఉండదు. ఫోన్ చేసి చెబుదామంటే గట్టు మీద తప్ప ఇసుకలో సిగ్నల్ అందదు. అందుకని ఆఫీసు వాళ్ళు ఆ స్తంభం పాతి పెట్టె బిగించారు. నీళ్ళు పెరుగుతున్నాయని తెలియగానే పెట్టె గట్టిగా కూత పెడుతుంది. కూత వినపడగానే అందరూ ఉన్నవి ఉన్నట్టు వదిలేసి ఒడ్డుకి పరిగెత్తాలి.

పెట్టె అంటే ఏమిటనుకున్నావు? కంప్యూటరే. దానికీ బుర్ర ఉంటుంది, ప్రాసెసర్ అంటారు. పాతకాలం వాటిల్లో బుర్రంతా ఒక్కళ్ళే. ఇప్పటి వాటిల్లో నలుగురు, ఎనిమిది మంది కూడా ఉంటారట, కోర్లు అని పేరు. మీ అమ్మ ఉద్యోగమే అది కదా, దానితో చెప్పించుకుని తెలుసుకున్నాను. నాకు మాత్రం వాళ్ళు కోర్లు కారు, అక్కచెల్లెళ్ళు.

ఆ పెట్టెలో నలుగురు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. నలుగురూ కవలలు, ఒకళ్ళని చూస్తే ఇంకొకళ్ళని చూసినట్టే. ఏ పనైనా ఎవరైనా చెయ్యగలరు. కానీ పని పంచుకున్నారు. పెద్దామె లెక్కలమ్మ, ఎండెంత, గాలెంత అని లెక్కలు కడుతుంది. రెండో ఆవిడ బొమ్మలమ్మ, ఏటికి ఫొటోలు తీసి సర్దుతుంది. మూడో ఆవిడ కబుర్లమ్మ, ఆ ఫొటోల్నీ లెక్కల్నీ ఆఫీసుకి పంపుతుంది. ఆఖరామె వినికమ్మ. ఎగువన ఏట్లో దింపిన గొట్టంలోంచి ఆవిడ చెవి దాకా ఒక తీగ ఉంది. నీళ్ళు ఎంతున్నాయో వింటూ కూర్చోవడం ఆవిడ పని. పెరిగాయా, కూత పెట్టించడమూ ఆవిడ పనే.

వాళ్ళకి తిండి పెట్టేది సూర్యుడు. స్తంభం పైన పలక ఒకటి ఉంది, ఎండ దాని మీద పడితే తిండి వండినట్టే. తిన్నంత తిని మిగిలింది బ్యాటరీలో దాచుకుంటారు.

నలుగురి మీదా ఒక మేస్త్రీ. వాడు పని చెయ్యడు, ఎవరు ఎంత పని చేస్తున్నారో చూస్తూ ఉంటాడు. ఎవరి మీద బరువు ఎక్కువుంటే వాళ్ళని గబగబా నడిపిస్తాడు, ఎక్కువ తిండి పెడతాడు. బరువు తక్కువైతే నెమ్మదిగా నడిపిస్తాడు. పనే లేకపోతే పడుకోబెడతాడు. పడుకున్నవాళ్ళకి తిండి అక్కర్లేదు కదా. మేస్త్రీ చెడ్డవాడేం కాదు. చెప్పింది చెప్పినట్టు చేసే రకం.

మొదట్లో అంతా బాగానే నడిచింది. ఎండలు బాగా కాసేవి, నలుగురూ కడుపునిండా తినేవాళ్ళు.

ఆ తర్వాత ఆఫీసులో పెద్దలకి ఏటి ఫొటోల మీద మోజు పుట్టింది. పొద్దున్న పంపేవి చాలవు, ఎప్పుడు ఫోన్ తెరిస్తే అప్పుడు ఏరు కళ్ళ ముందు కనపడాలన్నారు. ఆ పెట్టెని చూసుకునే ఇంజినీరు కామేశం అని, మంచివాడే, నెమ్మదస్తుడు. పెద్దలు అడిగితే కాదనలేకపోయాడు. బొమ్మలమ్మకీ కబుర్లమ్మకీ ఊపిరి తీసుకోనంత పని పెట్టాడు.

ఒక సంగతి చెప్తాను, విను. మనిషిని రెండింతల జోరుగా పరిగెత్తిస్తే తిండి రెండింతలతో సరిపోదు, ఇంకా చాలా కావాలి. ఒళ్ళు కూడా సెగలు కక్కుతుంది. ఆ పెట్టెలో అక్కచెల్లెళ్ళకీ అంతే. ఇద్దరు పరిగెడుతుంటే బ్యాటరీ చూస్తుండగానే అడుగంటడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే, పుచ్చకాయలు కోతకొచ్చే వేళకి, కాలం కాని కాలంలో ముసురు పట్టింది. ఎండ లేదు. పైన పలక మీద తిండి వండేవాడు లేడు. కామేశం మేస్త్రీకి కబురు పెట్టాడు.

"బ్యాటరీ పడిపోతోంది. ఎవరి మీద బరువు లేదో చూసి వాళ్ళని పడుకోబెట్టు."

మేస్త్రీ చూశాడు. లెక్కలమ్మ వేళ్ళు ఆడుతున్నాయి. బొమ్మలమ్మ చెమటలు కక్కుతోంది. కబుర్లమ్మ గొంతు ఎండిపోతోంది. వినికమ్మ ఒక్కతే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"నువ్వు ఊరికే కూర్చున్నావుగా, కాసేపు పడుకో" అన్నాడు.

"వింటున్నాను మేస్త్రీ" అంది వినికమ్మ.

"బరువేం కనపడటం లేదు" అన్నాడు వాడు.

నాకు ఇక్కడ ఒళ్ళు మండుతుంది తల్లీ. ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో! పసిబిడ్డకి జ్వరమొస్తే పక్కన కూర్చుని ఊపిరి చూసుకునే తల్లిని కూడా ఊరికే కూర్చుంది అనేవాళ్ళున్నారు. అలాంటి వాళ్ళ కళ్ళకి చెమట ఒక్కటే ఆనుతుంది.

సరే, వినికమ్మ పడుకుంది. కాసేపాగి మేస్త్రీ లేపాడు. ఆవిడ చెవి పెట్టి వింది. ఏరు ఎక్కడిది అక్కడే ఉంది. బ్యాటరీ కొంచెం మిగిలింది. కామేశం సంతోషపడ్డాడు.

రెండోసారి ఇంకాస్త ఎక్కువ సేపు పడుకోబెట్టాడు మేస్త్రీ. ఆ మధ్యలో ఏరు బెత్తెడు పెరిగి, మళ్ళీ తగ్గిపోయింది. ఎవరికీ తెలియలేదు. లేపేసరికి ఏరు మామూలుగానే ఉంది. ఇంకాస్త బ్యాటరీ మిగిలింది. ఈసారి పెద్దలు కూడా కామేశాన్ని మెచ్చుకున్నారు, ముసుర్లో కూడా ఫొటోలు ఆగలేదని.

మూడోసారికి మేస్త్రీకి ధైర్యం వచ్చేసింది. అవసరమైతే లేపుదాంలే అనుకుని మొత్తానికే పడుకోబెట్టేశాడు. అవసరం వచ్చిందని చెప్పాల్సింది ఎవరు? ఆ పడుకున్న ఆవిడే. ఆ సంగతి మేస్త్రీకీ తట్టలేదు, కామేశానికీ తట్టలేదు.

ఆ రోజు మధ్యాహ్నం సూరన్న మొదటి కోత కాయలు ఒడ్డుకి చేరేశాడు. స్తంభం దగ్గరే బండి ఆపి కాయలు ఎక్కిస్తున్నాడు. అంతకు ముందు ఇసుకలోంచి బయల్దేరుతుంటే గవరమ్మ అంది, "ముసురు చూస్తే నాకెందుకో బాగోలేదయ్యా. నేను కూడా వచ్చేస్తాను."

"కాయలు వదిలేసి వస్తావా? పెట్టె ఉందిగా. అది కూసేదాకా నీకేం భయం లేదు. కాసేపు నడుం వాల్చు, పొద్దున్నుంచి ఒంగి ఒంగి ఉన్నావు" అన్నాడు సూరన్న.

గవరమ్మ పాకలో పడుకుంది. ఒళ్ళు అలిసిపోయి ఉంది, కన్ను పట్టేసింది.

ఎగువన కొండల్లో కుండపోత. ఆనకట్ట నిండిపోయింది. గేట్లు ఎత్తారు.

నీళ్ళు బయల్దేరాయి. గొట్టం దగ్గరికి వచ్చాయి. గొట్టం నిండింది. తీగలోంచి కబురు వచ్చి వినికమ్మ చెవి దగ్గర నిలబడింది. ఆవిడ పడుకుని ఉంది. పెట్టెలో బొమ్మలమ్మ ఏటికి ఫొటోలు తీస్తూనే ఉంది, కబుర్లమ్మ పంపుతూనే ఉంది. ఆ ఫొటోల్లో నీళ్ళు పెరుగుతున్నాయి. ఫొటో తీసే ఆవిడ పని తీయడం, పంపే ఆవిడ పని పంపడం. ఏటిని చూడాలని అంత మోజుపడ్డ పెద్దలు ఆ వేళ భోజనాల దగ్గరున్నారు.

సూరన్న ఒక కాయ ఎత్తబోతూ పల్లం వైపు చూశాడు. పల్లంలో ఎర్రటి నీళ్ళు. తను పొడి కాళ్ళతో దాటొచ్చిన చోటు. తల ఎత్తి పెట్టె వైపు చూశాడు. పెట్టె నోరు మూసుకుని ఉంది.

"గవరా! లేవే! నీళ్ళొచ్చేశాయే!" అని అరిచాడు.

గవరమ్మ పాకలోంచి బయటికొచ్చింది. ఒడ్డుకీ తనకీ మధ్య ఏరు ఉంది అప్పటికే. సూరన్న పల్లంలోకి దిగాడు, నడుము లోతు వచ్చేసింది, కాళ్ళు నిలవడం లేదు. వాడికి ఈత రాదు.

"రాకు! నువ్వు రాకయ్యా! వెనక్కి పో!" అని అరిచింది గవరమ్మ. ఆ మాట వాడికి వినపడింది. బండి దగ్గరున్న తక్కిన పాదుల వాళ్ళు తాడు విసిరి వాడిని గట్టు మీదకి లాగారు.

అప్పటికి మేస్త్రీ చూశాడు, వినికమ్మ చెవి దగ్గర కబుర్లు కుప్పపడి ఉన్నాయి. గబగబా లేపాడు. పడుకున్నవాళ్ళు లేచి, కళ్ళు నులుముకుని, ఎక్కడున్నామో తెలుసుకునేదాకా కొంచెం పడుతుంది కదా. మనకైనా అంతే. వినికమ్మ లేచింది, వింది. కూత పెట్టమని కేక వేసింది.

పెట్టె కూత పెట్టింది. బ్యాటరీలో మిగిలిన తిండంతా దానికే పోశారు. చెవులు చిల్లులు పడేలాగ, ఆగకుండా, సూరన్న నెత్తి మీదే.

గవరమ్మ పాక వెనక ఉన్న ఇసుక దిబ్బ ఎక్కి నిలబడింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. ఆ కూతలో సూరన్నకి వినపడలేదు. మళ్ళీ చెప్పింది. పెదాలు కదలడం కనపడింది, మాట వినపడలేదు. "ఆపండ్రా! ఆ కూత ఆపండ్రా!" అని సూరన్న స్తంభాన్ని పట్టుకుని తల బాదుకున్నాడు. ఆపడం అక్కడ ఎవరికీ చేతకాదు. గవరమ్మ మూడోసారి కూడా చెప్పింది. ఆ తర్వాత దిబ్బ కనపడలేదు.

ఏమిటి తల్లీ? అవును, చచ్చిపోయింది. కాదని అబద్ధం చెప్పను. దగ్గరికి రా.

ఆ తర్వాత ఆఫీసు వాళ్ళు వచ్చారు, పెట్టె విప్పి చూశారు. ఏదీ చెడిపోలేదు. మేస్త్రీ చెప్పింది చెప్పినట్టే చేశాడు. కామేశం పెట్టె ముందు కూలబడి ఏడ్చాడు. ఏడిస్తే ఏం లాభం?

అప్పుడు కామేశం పద్ధతి మార్చాడు. మబ్బు పడితే ముందు ఫొటోలు ఆపాలి, పెద్దలు ఎంత అరిచినా సరే. మిగిలిన ముగ్గురూ నెమ్మదిగా నడవాలి. నెమ్మదిగా నడిస్తే చాలా తక్కువ తిండి సరిపోతుంది, ఒళ్ళు కూడా చల్లగా ఉంటుంది. వినికమ్మని మాత్రం పడుకోబెట్టకూడదు. ఆవిడ మీద బరువు కనపడినా కనపడకపోయినా, ఆవిడ గంజి ఆవిడకి పక్కన పెట్టాకే తక్కినవాళ్ళకి వడ్డించాలి. మేస్త్రీ సరేనన్నాడు. దాన్ని కూడా చెప్పింది చెప్పినట్టే చేశాడు.

అప్పట్నుంచి పెట్టె ఒక్కసారి కూడా తప్పలేదు. నీళ్ళు ఇంకా ఎగువన ఉండగానే కూత పెడుతుంది. పల్లం పొడిగా ఉంటుంది, కావలసినంత సమయం ఉంటుంది. కానీ ఇసుక మీద ఎవరూ లేరు. ఆ ఏడు తర్వాత అక్కడ పుచ్చ పాదు పెట్టినవాళ్ళు లేరు. కూత ఇసుక మీదుగా పోయి అవతలి ఒడ్డుకి తగిలి ఆగిపోతుంది.

సూరన్న ఊళ్ళో కూలికి వెళ్తాడు. పని లేని రోజున వచ్చి స్తంభం కింద కూర్చుంటాడు. లోపల వినే ఆవిడ ఒకతె ఉందని ఎవరో చెప్పారు వాడికి. పెట్టె వైపు మొహం ఎత్తి అడుగుతాడు.

"అమ్మా, నువ్వు అప్పటికి లేచావటగా. నీకు చెవులున్నాయటగా. నా గవర ఏమంది?"

వినికమ్మ మేలుకునే ఉంటుంది, వింటూనే ఉంటుంది. కానీ ఆవిడ చెవి నీళ్ళల్లో ఉంది తల్లీ. నీళ్ళు ఎంతున్నాయో తప్ప ఇంకేం వినపడదు ఆవిడకి.

కథ కంచి దారిన సాగింది,
ఏరు కడలి దారిన సాగింది,
దీపం కునుకు దారిన సాగింది,
అమ్మమ్మ మేలుకునే ఉంటుంది, నువ్వు పడుకో.