రాజుగారు కదలకూడదు

కథ చిన్నది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినా ఫరవాలేదు, పొంగేలోపు అయిపోతుంది.

మేడూరు కోటలో రణధీర భూపతి అని ఒక రాజుగారు. యుద్ధమంటూ ఎప్పుడూ చూడలేదు, పేరు మాత్రం అది. పేర్లదేముంది, మా పక్కింటావిడ పేరు శాంతమ్మ. నిన్న తన కోడిపెట్టను ఎవరో అదిలించారని మూడు వీధులు లేపింది. అదిలించింది ఎవరో నాకు తెలుసు. తెలిసినా చెప్పను, ఆవిడ ఇంకో నాలుగు రోజులు అరవాలని ఉంది.

ఏం చెబుతున్నాను? రాజుగారు. ఆయన పెట్టిన విద్యాపీఠంలో బొమ్మలేయడం నేర్పుతారు. బొమ్మలేయడం అని మనం అంటాం. అక్కడ అలా అంటే బయటికి పంపుతారు. దృశ్యభావ ప్రకటన అనాలి. మా ఊరి అద్దకం లచ్చయ్య కూతురు వరాలు ఆ చదువుకే వెళ్లింది. మొదటి ఏడాది సెలవులకు వచ్చినప్పుడు, "ఏం నేర్చుకున్నావే?" అని అడిగాను.

"చూడడం, అత్తా" అంది.

లచ్చయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అక్కడి పెద్దయ్యవారు చిత్రవిద్యావిశారద అనంతశయనాచార్యులు. ఆయనకు వరాలంటే గిట్టదు. కారణం లేకపోలేదు. తన బొమ్మ గీయమంటే శిష్యులంతా తల వెనకాల వెలుగు పెట్టారు, వరాలు చెవుల్లో వెంట్రుకలు పెట్టింది. ఉన్నాయి కాబట్టే పెట్టింది. నేనూ చూశాను.

ఆఖరి పరీక్ష దగ్గరపడగానే రాజుగారికి ఒక సరదా పుట్టింది.

"ఈసారి మీ ఎదుట మేమే కూర్చుంటాం. ఉన్నది ఉన్నట్టు గీసినవారికి పట్టా. అబద్ధం గీసినవారు జన్మలో మళ్లీ కుంచె పట్టకూడదు" అన్నారు.

సభంతా చప్పట్లు కొట్టింది. కొట్టడం అయ్యాక అందరూ ఒక్కసారి రాజుగారి పొట్ట వైపు చూసి, గబుక్కున పైకప్పు వైపు చూశారు. ఆ పొట్ట సంగతి కోటలో ఎవరూ ఎత్తరు. ఎత్తిన వంటవాడు ఇప్పుడు సరిహద్దులో గుర్రాలకు ఉలవలు ఉడకేస్తున్నాడు.

అయ్యవారు శిష్యులను పోగేసి, "నాయనలారా, రాజును చూడకండి, రాజసాన్ని చూడండి" అని బోధించారు. అంటే నడుము సన్నగా గీయమని.

వరాలుకు అలా గీయడం రాదు. చెయ్యి మొరాయిస్తుంది. ఏడుపు మొహంతో అడపం పేరన్న దగ్గరికి వెళ్లింది. పేరన్న రాజుగారి తాంబూలం పెట్టె మోసే సేవకుడు. రాజుగారి ఎదుట ధైర్యంగా నోరు విప్పేది కోట మొత్తానికి అతనొక్కడే.

"పేరన్న మామా, ఉన్నది గీస్తే రాజుగారికి కోపం. లేనిది గీస్తే కుంచె పోతుంది. కుంచె పోతే నేనేమైపోవాలి?"

"మీ నాన్నతో కలిసి గుడ్డలకు రంగులద్దు."

"మామా!"

"ఏడవకే పిల్లా. చిత్రశాలలో మీ అయ్యవారు పెట్టిన మొదటి నియమం ఏమిటి?"

వరాలు చెప్పింది.

"దాన్ని పొల్లు పోకుండా పాటించు. మాటల పని నాకొదిలెయ్."

పరీక్ష రోజు రాజుగారు చిత్రశాల నడుమ ఎత్తుపీట మీద కూర్చున్నారు. పేరన్న తాంబూలం పెట్టెతో పక్కన నిలబడి, అందరికీ వినబడేలా అడిగాడు.

"అయ్యవారూ, నేను చదువుకోనివాణ్ణి. మీ మొదటి నియమం ప్రకారం ఎదుట కూర్చున్నవారు కదిలితే ఏమవుతుంది?"

అయ్యవారికి ఎవరైనా ఏదైనా అడిగితే చాలు. శాలువా సర్దుకున్నారు.

"కదలకూడదు! కదిలేదాన్ని గీసేవాడు కంటితో గీయడు, ఊహతో గీస్తాడు. ఊహ అబద్ధం. కదలనిదే సత్యం!"

"భేష్" అన్నారు రాజుగారు. "మేము కదలం."

కదలనన్న రాజుగారు ముందు ఈగను తోలారు. తర్వాత మీసం దువ్వారు. వెనక ఎవరో దగ్గితే తిరిగి చూశారు. తాంబూలం అడిగారు. కాలు తిమ్మిరెక్కిందని లేచి, నాలుగడుగులు వేసి, మళ్లీ కూర్చుని, "ఎలా ఉన్నాం?" అని అడిగారు.

"కొండలా ఉన్నారు ప్రభూ" అన్నారు అయ్యవారు.

గంట కొట్టారు. శిష్యులంతా తమ బొమ్మలు ఎత్తి పట్టుకున్నారు. ఎవరి బొమ్మలో చూసినా సన్నటి నడుముతో ఒక కుస్తీ వస్తాదు. అయ్యవారు వరాలు చేతిలోని కాగితం లాక్కుని చూశారు. ఆయన మొహం విచ్చుకుంది.

"ప్రభూ! ఘోరం! ఈ పిల్ల పీట మాత్రమే గీసింది. తమరిని లేకుండా చేసింది. ఇది రాజద్రోహం!"

రాజుగారు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"ఇందులో మేమెక్కడే?"

పేరన్న తాంబూలం పెట్టె కింద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, కదలనిదే సత్యమని అయ్యవారు సెలవిచ్చారు. ఈ గదిలో కదలకుండా కూర్చున్నది పీట ఒక్కటే."

రాజుగారు పేరన్నను చూశారు. అయ్యవారిని చూశారు. వరాలును శిక్షించాలంటే తాను కదల్లేదని ఒట్టు వేయాలి. కాలు ఇంకా తిమ్మిరిగానే ఉంది. ముందు మీసం అదిరింది, తర్వాత పొట్ట అదిరింది, ఆ తర్వాత పీట కూడా అదిరేలా నవ్వారు. అప్పుడు సభకు కూడా నవ్వు వచ్చింది.

వరాలుకు పట్టా ఇచ్చారు. పేరన్న చేతికి బంగారు కంకణం తొడిగారు. మిగతా శిష్యుల కుంచెలు లాక్కోలేదు, మళ్లీ పరీక్షకు కూర్చోమన్నారు, ఈసారి ఎదుట ఒక గుమ్మడికాయను పెట్టి.

ఇక అయ్యవారి పని అయిపోయిందని ఊరూరా చెప్పుకున్నాం. నేనైతే నలుగురికి ఎక్కువే చెప్పాను. కానీ ఆయన ఆ నవ్వులోనే ముందుకు వచ్చి, "రాజు పీట మీద కనబడడు, అంతటా ఉంటాడు. నేను ఈ పిల్లకు ఐదేళ్లుగా నేర్పింది ఇదే ప్రభూ" అన్నారట. రాజుగారికి అది చాలా నచ్చింది. ఆ బొమ్మకు అర్థం చెప్పడానికి విద్యాపీఠంలో కొత్త శాఖ తెరిచి, అయ్యవారినే దానికి అధిపతిగా వేశారు.

మూడేళ్ల చదువట. మా తోడికోడలి కొడుకు మొన్ననే చేరాడు.