నాంచారమ్మవ్వ మూడో చరణం

అనగనగా అంటే మరీ అంత పాత సంగతేం కాదర్రా. కొండ కింద అడవిలోకి కరెంటు తీగ వచ్చాక జరిగిన కథే. ముందే చెబుతున్నా, ఇది నవ్వుకునే కథ కాదు. చివర్లో ఏడుపొస్తే నన్ననకండి.

ఆ అడవిలో ముల్లన్న అనే ఏదుపంది ఉండేవాడు. గిటారు వాయించేవాడు. తీగలు మీటడానికి ఏమీ కొనేవాడు కాదు. ఒంటిమీది ముల్లొకటి పీక్కుంటే సరిపోయేది. చెయ్యి మంచిది, అందులో అబద్ధం లేదు. కానీ వాడి ప్రాణమంతా కంప్యూటర్ మీదే. గిటారు శబ్దాన్ని అందులోకి పంపి, కాస్త బేస్ కలిపి, సన్నటి శబ్దాలకి కాస్త మెరుపు కలిపి, కాస్త ఎకో కలిపి కొత్త కొత్త నాదాలు తయారుచేసేవాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని బొరియలో కూర్చున్నాడంటే బయట పిడుగు పడ్డా తెలిసేది కాదు.

అదే అడవిలో నాంచారమ్మవ్వ అనే ముసలి గోరువంక ఉండేది. ఆవిడ దగ్గర ఒక పాట ఉంది. ఎండాకాలం నీళ్ల కోసం వలసపోయిన వాళ్లని తొలకరికి వెనక్కి పిలిచే పాట. మూడు చరణాలు. అవ్వకి వాళ్లమ్మ నేర్పింది, వాళ్లమ్మకి వాళ్లమ్మ నేర్పింది. ఇప్పుడు అడవి మొత్తంలో అది తెలిసింది అవ్వొక్కర్తికే. గొంతు చూస్తే అరిగిపోయింది, శ్రుతి నిలవడం లేదు. అందుకని ఈ ఏడు తొలకరి పండగలో అందరి ముందూ పాడేసి, పాటని పిల్లల చెవిన వేసేద్దామనుకుంది. గోరువంక పిల్లల సంగతి మీకు తెలుసుగా, ఒక్కసారి వింటే చాలు, పట్టేస్తాయి.

అవ్వ ముల్లన్నని పిలిచి చెప్పింది.

"నాయనా, మొదటి రెండు చరణాలూ ఎలాగోలా లాక్కొస్తాను. మూడోది బాగా పైకెళ్తుంది. అక్కడ నా గొంతు తడబడుతుంది. నీ తీగ మీద పై శ్రుతి ఒక్కటి వినబడుతుంటే, దాన్ని పట్టుకుని దాటేస్తాను. అది లేకపోతే మునిగిపోతానురా."

"నీకెందుకు బెంగ అవ్వా? నేను లేనూ!" అన్నాడు ముల్లన్న.

మాట ఇచ్చాడు కాబట్టి పని మొదలుపెట్టాడు. పాపం, బద్ధకం మాత్రం లేదు వాడికి. నెల రోజులు కష్టపడి చరణానికొకటి చొప్పున మూడు నాదాలు చేశాడు. మొదటిదానికి 'తేనె' అని పేరు పెట్టాడు. రెండోదానికి 'మబ్బు'. మూడోదానికి 'వెన్నెల'. ఒక్కోదానికీ ఒక్కో కాలి మీట. నొక్కితే నాదం మారుతుంది.

పండగ పదిరోజులుందనగా డప్పు కొట్టే ఎలుగుబంటి జంబయ్య వచ్చాడు.

"ఒరే అల్లుడూ, పండగ జరిగేది రాతిబయల్లో. అక్కడికొచ్చి నా డప్పుతో కలిపి ఓసారి వాయించి చూసుకో."

"ఇంకా మబ్బుకి మెరుగు పెట్టాలి మావా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు ఇంట్లో గెలవనీ!"

నాలుగు రోజులయ్యాక స్పీకర్లు చూసుకునే కొండముచ్చు కోటప్ప వచ్చాడు.

"స్పీకర్లు ఒక్కోటీ ఏనుగు పిల్లంత ఉన్నాయి ముల్లన్నా. వాటిలో నీ గిటారు ఎలా పలుకుతుందో చూసుకోవద్దూ?"

"చిన్నగా పెడితేనే ఇంత బాగుందా, పెద్దగా పెడితే ఇంకెంత బాగుంటుందో నువ్వే చూడు" అన్నాడు ముల్లన్న.

"చూస్తాలే" అని కోటప్ప తోక ఈడ్చుకుంటూ పోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది ఏం లాభం?

పండగ రెండు రోజులుందనగా నాంచారమ్మవ్వే వచ్చింది. కొమ్మ కొమ్మకీ ఆగి, ఆయాసం తీర్చుకుంటూ వచ్చింది.

"ఒక్కసారి పెద్దగా పెట్టి వినిపించు నాయనా."

"పక్క బొరియలో కుందేలక్క నిన్ననే పిల్లల్ని పెట్టిందవ్వా. మోత మోగిస్తే ఊరుకుంటుందా? ఇదిగో, దీంట్లో విను."

హెడ్‌ఫోను అవ్వ తలకాయకంటే పెద్దది. ఒక పక్క చిప్ప ఆవిడ చెవికి ఆనించి పట్టుకుని, రెండో చేత్తో 'వెన్నెల' మీట నొక్కి వినిపించాడు. అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత తియ్యగా ఉందిరా, నీ కడుపు చల్లగా! రేపొక్కసారి బయలుకి రా. మూడో చరణం ఇంతవరకూ ఎవరికీ వినిపించలేదు. నా గొంతుకి ఒంటరిగా ఎక్కదు. నువ్వొస్తే పాడదామని దాచుకున్నాను."

"విన్నావుగా అవ్వా, ఇంకా భయమెందుకు? పండగ రోజే పాడు."

అంత తియ్యటి నాదం విన్నాక ఎవరు మాత్రం కాదంటారు? అవ్వ నమ్మింది.

"సరేలే నాయనా" అని ఎగిరిపోయింది.

పండగ రోజు వచ్చింది. సాయంత్రానికే మబ్బు కమ్మేసింది. రాతిబయలు నిండా జంతువులే. ముందు వరసలో గోరువంక పిల్లలు మెడలు చాచి కూర్చున్నాయి. అవ్వ గొంతు సవరించుకుని మొదటి చరణం ఎత్తుకుంది. ముల్లన్న 'తేనె' మీట నొక్కాడు.

గుడగుడమంది! అంతే. బొరియలో చిన్నగా వినేటప్పుడు బేస్ చాలలేదని పోసి పోసి పెట్టాడు. ఏనుగు పిల్లంత స్పీకర్లు ఆ పోసిందంతా బయటికి కక్కాయి. గిటారూ డప్పూ కలిసిపోయి బురదైపోయింది. జంబయ్య వెనక్కి తిరిగి, "ఏంట్రా ఇది?" అన్నాడు. అవ్వ మాత్రం అలాగే పాడి మొదటి చరణం దాటించింది.

రెండో చరణానికి 'మబ్బు' నొక్కాడు. దాని నిండా ఎకో. బొరియలో అది అందం. ఇక్కడ చుట్టూ రాళ్లు ఊరికే ఉంటాయా, అవీ తిరిగి పలికాయి. ఒక స్వరం పోకముందే ఇంకోటి మీద పడింది. అవ్వ వణికే గొంతుతోనే ఆ చరణం ముగించింది. తల తిప్పి వాడికేసి చూసింది.

"ఏదీ నాయనా? నీ తీగేదీ?"

ముల్లన్న మీటల వైపు చూసుకున్నాడు. ఏ కలుపూ లేని ఒట్టి తీగ శబ్దం ఉంటే చాలు, అవ్వ పట్టుకునేది. కానీ అలాంటిదానికి వాడు మీటే పెట్టుకోలేదు. ఉన్నది 'వెన్నెల' ఒక్కటే. అది నొక్కి, గాభరాలో శబ్దం ఇంకా పెంచాడు. మెరుపు కోసం కలిపిందంతా కీచుమని చెవులు కోసేసింది. జింక పిల్లలు బెదిరి పరిగెత్తాయి. సరిగ్గా అప్పుడే అవ్వ మూడో చరణం కోసం గొంతు పైకెత్తింది. తీగ కోసం వెతికింది. దొరకలేదు. గొంతు పగిలి కీక వచ్చింది.

వెనకాల ఏదో నక్క నవ్వింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అవ్వ నోరు తెరుచుకునే ఉంది. పాట రాలేదు.

మర్నాడు పొద్దున్నే ముల్లన్న గిటారొక్కటే తీసుకుని అవ్వ గూటి దగ్గరికి పోయాడు.

"నన్ను తిట్టవ్వా! నాలుగు తిట్లు తిట్టు!" అని ఏడ్చాడు.

"తిట్టడానికేముంది నాయనా" అంది అవ్వ, గాలిలాంటి గొంతుతో. "నువ్వు చెడ్డగా వాయించలేదు. నాకు వినబడలేదు, అంతే."

ముల్లన్న ఒట్టి తీగ మీటాడు. అవ్వ నోరు తెరిచింది. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. మూడుసార్లు ప్రయత్నించి ఇంక చాలంది. చరణంలో మాటలు మాత్రం ఒక్కొక్కటే చెప్పింది. బాణీ చెప్పడానికి గొంతు లేదు. రెండో వాన పడేలోపే అవ్వ పోయింది.

ఒక్కరోజు, ఒక్క పూట రాతిబయలుకి వెళ్లి ఉంటే అవ్వ పాడేది, ఆ చరణం రికార్డై వాడి కంప్యూటర్లోనైనా మిగిలేది. ఈ మాట ముల్లన్నకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తేనె, మబ్బు, వెన్నెల మూడూ తుడిచేశాడు. అప్పట్నుంచీ రోజూ రాతిబయలుకే పోయేవాడు. జంబయ్యని డప్పు కొట్టమని, కోటప్పని స్పీకర్లు పెట్టమని, తను దూరంగా పోయి వినేవాడు. బేస్ తగ్గించాడు, మెరుపు తగ్గించాడు, ఎకో తీసేశాడు. మిగిలిన నాదం బొరియలో వింటే ఎండుపుల్లలా ఉంటుంది. బయల్లో మాత్రం చివరి వరసదాకా తేటగా వినబడుతుంది.

ఏటా తొలకరికి గోరువంకలు ఆ రోజు విని పట్టుకున్న రెండు చరణాలు పాడతాయి. మూడోదానికి వచ్చేసరికి మాటలు ఊరికే చదువుతాయి. జంబయ్య డప్పు ఆపేస్తాడు. ముల్లన్న ఒక్క స్వరం మీటి, అది పూర్తిగా ఆగిపోయేదాకా తల వంచుకుని నిలబడతాడు. అక్కణ్నుంచి పాట ఎటు వెళ్లాలో ఎవరికీ తెలీదు. కాసేపు చూసి, అందరూ లేచి ఇళ్లకి పోతారు.

నీతి: ఇంట్లో మన చెవికి నచ్చితే చాలదు, మనల్ని నమ్ముకున్నవాళ్లకి రచ్చలో వినబడుతుందో లేదో ముందే వెళ్లి చూసుకోవాలి.