బిళ్లలమ్మ తల్లి హారంలో ఖాళీ

కంచుమెట్ట మీద వెలసిన బిళ్లలమ్మ తల్లికి బంగారు నగ ఒక్కటీ లేదు. మెడ నిండా కంచు బిళ్లల హారమే. ప్రతి బిళ్ల మీదా ఒకదానినొకటి పట్టుకున్న రెండు చేతుల ముద్ర ఉంటుంది. హారంలో అక్కడక్కడా ఉత్త దారం కనబడితే కొత్తగా వచ్చిన భక్తులు కంగారుపడి, దొంగలు పడ్డారా అని పూజారిని అడుగుతుంటారు. దొంగల పని కాదు. ఆ సంగతి చెప్పడానికే ఈ కథ.

పూర్వం ఇక్కడ కంచరి కుటుంబాలు నివసించేవి. ఒక ఏడు విషజ్వరాలు వచ్చి కొలిములన్నీ చల్లారిపోయాయి. బతికి బట్టకట్టినవారు చేదోడు సంఘం పెట్టుకున్నారు. ఎవరు మంచాన పడినా మిగిలినవారు వంతులవారీగా వెళ్లి, వారి కొలిమి రాజేసి పని నడపాలని తల్లి ఎదుట ప్రమాణం చేశారు. ఆ రోజుకు గుర్తుగా బిళ్లలు పోతపోసి మెడల్లో వేసుకున్నారు. అక్కడే పొరపాటు జరిగింది. బిళ్ల కాస్తా సాయం చేసేవాడి గొప్పకు గుర్తయి కూర్చుంది. దాన్ని వేసుకుని వీధిలో తిరిగే మనిషి ఇంకొకరిని ఏ ముఖంతో సాయం అడుగుతాడు?

తవిటయ్య అనే కంచరి అందరికంటే ముందు సాయానికి పరుగెత్తేవాడు. అతనికే జ్వరం తగిలింది. చుట్టాల ఊరు వెళ్లారని అందరూ అనుకునేలా తలుపులు మూయించి, ఎవరికీ చెప్పనని భార్య నీలమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇంట్లో గింజలు నిండుకున్నాయి. అతనికి మాట్లాడడం కూడా కష్టమైపోయింది. ఒట్టు తప్పలేక, మగణ్ణి పోగొట్టుకోలేక ఆ ఇల్లాలు తల్లికే మొక్కుకుంది.

తెల్లవారుజామున సంఘం పెద్ద కూర్మయ్యకు తల్లి కలలో కనబడి, "నా మెడ బోసిగా ఉంది. మీ బిళ్లలన్నీ నాకు వేయండి. ఒక్కటి తగ్గినా ఒప్పను" అని ఆనతిచ్చింది. అందరూ తెచ్చి వేశారు. తవిటయ్యది రాలేదు. ఊరెళుతూ ఇంట్లో వదిలేశాడేమోనని వెళ్లి తలుపు తోసిన కూర్మయ్య, మంచాన పడి ఉన్న తవిటయ్యను చూసి నిలువునా నీరైపోయాడు.

"ఏటిరా ఇది? ఒక్క మాట సెప్పకూడదా?"

"సెయ్యడమే గానీ అడగడం నాకు రాదు మావా" అని తవిటయ్య అతికష్టం మీద అన్నాడు.

కూర్మయ్యకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తల్లి బిళ్లలన్నీ ఎందుకు అడిగిందో అప్పుడు తెలిసొచ్చింది. గుడికి వెళ్లి, తల్లికి దండం పెట్టి, హారంలోంచి ఒక బిళ్ల తీసుకొచ్చి, ఈ ఇంటికి సాయం కావాలనడానికి గుర్తుగా తవిటయ్య గుమ్మానికి కట్టాడు. ఇంకొకటి తన గుమ్మానికే కట్టుకున్నాడు.

"నా మోకాలు ఎన్నాళ్లబట్టో నొప్పెడతంది. పెద్దోణ్ణని నానూ దాసుకున్నాను. రండిరా, ముందు ఆడి కొలిమి ఊది, తరవాత నాదీ ఊదండి!" అని వీధిలో నిలబడి కేకవేశాడు.

ఊరంతా నవ్వుకుంటూ కదిలింది. పొద్దు వాలేలోగా తవిటయ్య ఇంట గంజి కాగింది, కొలిమి రాజుకుంది, వైద్యుడు వచ్చి మందు పోశాడు. కొన్నాళ్లకు జ్వరం దిగింది. నీలమ్మ తన గుండెల మీది బండ ఎవరో దించినట్టు ఊపిరి పీల్చుకుంది. తవిటయ్య లేచి తిరగగానే గుమ్మానికి కట్టిన బిళ్లతో పాటు తన బిళ్లనూ తానే తెచ్చి తల్లి మెడలో వేశాడు.

నాటి నుంచి బిళ్లలు ఎవరి మెడలోనూ లేవు, తల్లి దగ్గరే ఉన్నాయి. కష్టం వచ్చినవారు వచ్చి ఒకటి తీసుకుని గుమ్మానికి కట్టుకుంటారు, కోలుకున్నాక చింతపండుతో తోమి తిరిగి వేస్తారు. ఏటా జాతరలో సంఘం పెద్ద, ఒంట్లో ఏ నలతా లేకపోయినా, మొదటి బిళ్ల తానే తీసుకుంటాడు. తర్వాత వచ్చేవారు సిగ్గుపడకూడదని ఈ ఆచారం. నమ్మి వచ్చినవారిని తల్లి వట్టి చేతులతో పంపదు. కాబట్టి భక్తులారా, హారంలో ఖాళీ చూసి దిగులుపడకండి. ఊళ్లో ఎవరో మూసిన తలుపు తెరిచారని సంతోషించి, ఇంకో దండం పెట్టుకోండి.