చల్లారిన కాఫీ

హిషామ్‌కి ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ. జెరూసలేం దగ్గరి కొండల్లో రెండు ఊళ్ళ మధ్య రాజీ కోసం చెప్పులరిగేలా తిరుగుతున్నాడు పాపం. కొండకి అటు పాలస్తీనా రైతు జుబైర్, ఇటు యూదుల ఊరి పెద్ద ఎజ్రా. జుబైర్ భార్య సమాధి ఎజ్రా ఊరి కంచె లోపలికి పోయింది. తన కొడుకు కాల్పుల్లో పోయినప్పటి నుంచి ఎజ్రా ఆ కంచె గేటు తెరవనివ్వడం లేదు.

"మ్యాపులు చూపించాను, చట్టం చెప్పాను. ఒకరి మాట ఒకరికి పొల్లుపోకుండా చేరవేశాను బాబా," అని గురువు షేక్ బద్రుద్దీన్ దగ్గర వాపోయాడు. "పగ పెరుగుతోందే గాని తరగడం లేదు."

"ఎజ్రా ఇంట్లో కాఫీ ఇచ్చారా?"

"ఇచ్చారు. వెళ్ళినప్పుడల్లా ఇస్తారు."

"తాగావా?"

"తాగకపోతే ఏం బాగుంటుంది?"

గురువు లేచి చెప్పులు వేసుకున్నాడు. "పద."

ఎజ్రా తండ్రి బాగ్దాద్ నుంచి వచ్చినవాడు. ఆ ఇంట్లో ఇప్పటికీ యాలకుల కాఫీయే. గురువు కప్పు అందుకుని, తాగకుండా కింద పెట్టి ఊరుకున్నాడు.

"చల్లారిపోతోంది బాబా," అని హిషామ్ గొణిగాడు. పెద్దాయన వింటేనా!

ఎజ్రా ఆ కప్పు వంకే చూశాడు. "ఏదైనా అడగడానికి వచ్చినవాడు, ఆ కోరిక తీరుస్తామనేదాకా కాఫీ ముట్టడని మా నాన్న చెప్పేవాడు," అన్నాడు. "ఈ అబ్బాయి వచ్చి వాదించేవాడు, తాగేవాడు, వెళ్ళిపోయేవాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు షేక్ గారూ. చెప్పండి, ఏం కావాలి?"

"జుబైర్ శుక్రవారం పూట కాసేపు భార్య దగ్గర కూర్చుంటాడట."

ఎజ్రా లేచి వెళ్ళి గోడమీది కొడుకు ఫోటో తుడిచాడు. "గేటు నేనే తీస్తాను," అన్నాడు చివరికి. "మావాడి సమాధీ ఆ పక్కనే. వాడి దగ్గర కూడా ఒక్క నిమిషం నిలబడమనండి."

గురువు చల్లటి కాఫీ చివరిదాకా తాగాడు.

జుబైర్ ఇంటికి వచ్చాక మాత్రం గురువు లోపలికి రాలేదు, గుమ్మం బయటే కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" జుబైర్ ఆత్రంగా కాఫీ పోసి హిషామ్ చేతికిచ్చాడు.

కొండెక్కి వచ్చిన హిషామ్‌కి నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా కప్పు మెల్లగా కింద పెట్టాడు.

జుబైర్ ఆ కప్పుని చూసి, అతని ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఆయనకేం కావాలట నాయనా?" అన్నాడు.