ఐదుచేతులమ్మ ముద్ద

విశాఖపట్నంలో హైమవతి గారింటి ముందుగదిలో పెద్ద గాజుతొట్టి ఉంది. అందులో ఉన్నవి కుళాయి నీళ్లు కావు, ఉప్పునీళ్లు. అడుగున తెల్లటి ఇసుక, మధ్యలో బొరియలున్న పగడపు రాళ్ల గుట్ట. ఆ గుట్టకు పెత్తందారు ఒక రొయ్య. వీపు మీద ఎర్రచార, ముఖం మీద పొడుగాటి తెల్లమీసాలు. ఎదురు చెప్పేవాళ్లు లేక, చేపపిల్లలన్నీ ఆయన్ని మీసాలయ్యగారూ అనేవి. నత్తతాత ఒక్కడే ఎవరి జోలికీ పోకుండా గాజుకు పట్టిన పాచి గీక్కుతింటూ కాలం గడిపేవాడు.

ఒకనాడు హైమవతి గారు కొత్త ప్రాణిని తెచ్చారు. అది చుక్కచేపకు చుట్టమే గానీ దానిలా దళసరిగా ఉండదు. నడుమ చిన్న బిళ్లంత ఒళ్లు, చుట్టూ పురికొసల్లాంటి ఐదు చేతులు. పట్టి లాగితే చేయి పుటుక్కున తెగిపోయేంత పెళుసు. దుకాణంవాళ్లు బ్రిటిల్ స్టార్ అన్నారు. తొట్టిలోవాళ్లు ఐదుచేతులమ్మ అన్నారు. కొత్తనీళ్లు ఒక్కసారిగా పడవని, హైమవతి గారు సంచిలోకి తొట్టినీళ్లు చుక్కచుక్కగా కలిపి, అలవాటు పడ్డాకే దాన్ని దింపారు. దిగీదిగగానే అది రాళ్ల కిందికి దూరిపోయింది.

సాయంత్రం ఆవిడ తొట్టి దీపం తగ్గించి, పొడుగు పట్టకారుతో ఆల్చిప్పలోంచి తీసిన గుల్లమాంసం ముక్క రాళ్ల పక్కన పెట్టారు. వాసన తగలగానే ఒక చేయి బయటికి పాకి, ముక్కను చుట్టుకుని లోపలికి లాక్కుపోయింది. అన్నాళ్లూ ఆ తొట్టిలో మంచి ముక్కలన్నీ మీసాలయ్యవే. ఆయన కడుపు భగ్గుమంది. లాక్కుందామంటే ఐదు చేతులతో పోట్లాట తనవల్ల కాదు. అందుకని మర్నాడు పరామర్శకు బయల్దేరాడు.

“ఏం చెల్లెమ్మా, ఇల్లు కుదిరిందా?”

“కుదిరింది అన్నయ్యా. చీకటిగా, హాయిగా ఉంది.”

“ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకు. నిన్న నీ చేయి చూసి అమ్మగారు జెర్రి అనుకున్నారు. మళ్లీ కనబడితే వలతో తీసి పారేస్తానన్నారు. నేనక్కడే ఉన్నాను.”

ఐదుచేతులమ్మ చేతులన్నీ ముడుచుకుంది. “మరి నా తిండి ఎలా అన్నయ్యా?”

“నేను లేనూ? నీ ముక్క నేను తెచ్చిపెడతాను. నువ్వు మాత్రం కదలకు.”

తెచ్చిపెట్టాడు. ఆవిడ ముక్క పెట్టి అటు వెళ్లగానే అంతా తను తిని, అంచున మిగిలిన పీచు తెచ్చిపెట్టాడు. అది కూడా బుద్ధి పుట్టినప్పుడే. ఐదుచేతులమ్మ ఇసుకలో దొరికిన నలుసులు ఏరుకుంటూ, అన్నయ్య ఎంత మంచివాడో అనుకుంటూ కాలం గడిపింది. ఆకలికి చేతులు బరువెక్కి కదలడమే మానేశాయి.

కొన్నాళ్లకు నత్తతాత రాళ్ల మీదికి దిగివచ్చి లోపలికి తొంగిచూశాడు. “ఏం అమ్మాయ్, ఇలా చిక్కిపోయావు?”

ఆమె సంగతంతా చెప్పింది.

“నేను పొద్దస్తమానం ఆ గాజుకే అంటుకుని ఉంటాను. ఆ ఇంటి మాటలన్నీ నాకు వినబడతాయి. జెర్రి అన్న మాట ఏనాడూ వినలేదు. ఆవిడ మోకాళ్ల నొప్పులతోనే రోజూ నేల మీద కూచుని నీకోసం వెతుకుతోంది. నిన్న వాళ్లాయనతో ఏమందో తెలుసా? ‘ఏవండీ, అది చచ్చిపోయినట్టుంది. కుళ్లితే నీళ్లన్నీ పాడైపోతాయి. రేపు సాయంత్రం రాళ్లన్నీ తీసి చూద్దాం’ అంది.”

ఐదుచేతులమ్మకు ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. “రాళ్లు తీస్తారన్న సంగతి మీసాలయ్యకు తెలుసా తాతా?”

“చెప్పాను. అప్పట్నించీ కాలు నిలవడం లేదు. ఆయన ఇల్లూ ఆ రాళ్లలోనేగా.”

అన్నట్టుగానే మీసాలయ్య పరుగున వచ్చాడు. “చెల్లెమ్మా, ఈ సాయంత్రం ఒక్కసారి బయటికి రామ్మా.”

“అమ్మగారు పారేస్తారన్నావుగా అన్నయ్యా.”

“ఇన్నాళ్లకు కోపం తగ్గి ఉంటుందిలే.”

“తగ్గకపోతే? నాకు భయంగా ఉంది. ఒక పని చెయ్యి. నువ్వు ఆ చివరి మూలకు వెళ్లి మీసాలు ఊపుతూ ఆడు. ఆవిడ నవ్వాక, మనసు మంచిగా ఉన్నప్పుడు నేను వస్తాను. నువ్వు మూల వదిలితే మాత్రం రాను.”

అదంతా అక్కర్లేదనాలంటే తను అబద్ధమాడినట్టు ఒప్పుకోవాలి. మీసాలయ్య మీసాలు వేలాడేసుకుని మూలకు నడిచాడు.

సాయంత్రం హైమవతి గారూ, భర్త సన్యాసిరావు గారూ తొట్టి దగ్గరికి వచ్చారు. మూలలో రొయ్య చిందులు చూసి ఆవిడ నవ్వేశారు. “రాళ్లు తీసేముందు ఇంకొక్కసారి ముక్క పెట్టి చూస్తానండీ” అని మంచి పెద్దముక్క రాళ్ల పక్కన పెట్టారు.

వాసన మూలదాకా వచ్చింది. మీసాలయ్య నోరూరింది. అయినా కదల్లేదు. ఐదుచేతులమ్మ ఒక చేయి, ఇంకో చేయి, ఆ తర్వాత ఒళ్లంతా బయటపెట్టి ముక్క మీద తీరిగ్గా కూర్చుంది.

“ఏవండీ, బతికే ఉంది” అన్నారు హైమవతి గారు.

అప్పటికి మీసాలయ్య ఓపిక అయిపోయింది. ఒక్క ఉదుటున వచ్చి ముక్క అంచు పట్టి గుంజాడు. హైమవతి గారు పట్టకారుతో ఆయన్ని పక్కకు నెట్టారు.

“ఓహో, ఇన్నాళ్లూ దీని ముద్ద తిన్నది నువ్వా?”

సన్యాసిరావు గారు ప్లాస్టిక్ సీసాను సగానికి కోసి, అంచు నునుపు చేసి, సన్నటి సందులు పెట్టి ఇచ్చారు. అప్పట్నించి దాన్ని ఇసుక మీద బోర్లించి, గుల్లమాంసం దాని కిందే పెడుతున్నారు. సందుల్లోంచి ఐదుచేతులమ్మ చేతులు దూరతాయి, రొయ్య దూరలేదు. మీసాలయ్యకు ఆ చివరి మూలలో చిటికెడు మేత వేస్తారు. ఆయన కడుపుకు అది చాలు. కాకపోతే తింటున్నంతసేపూ సీసా వైపే చూస్తుంటాడు. ఐదుచేతులమ్మ మాత్రం కడుపునిండా తిని, చేతులు రాళ్ల బయటికి వేలాడేసుకుని హాయిగా పడుకుంటోంది.

నీతి: ఎదుటివాళ్లను భయపెట్టడానికి అల్లిన అబద్ధం, అల్లినవాడి కాళ్లనే కట్టేస్తుంది.